గుమ్మం దగ్గర మూడు ప్రశ్నలు

గుండీలక్కకి అసలు పేరు ఒకటి ఉంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమె తల తిప్పి, తన వెనకాల ఎవరున్నారా అని చూస్తుంది. ఇరవై రెండేళ్ళుగా చొక్కాలకీ కోట్లకీ కాజాలు కుట్టి గుండీలు బిగిస్తున్న మనిషి. గుండీ దూరడానికి కోసిన కంత చుట్టూ దారంతో దగ్గర దగ్గరగా వేసే కుట్టునే దర్జీలు కాజా అంటారు. ఆ పని చేసే మిషన్లు వచ్చి చాలాకాలమైంది. కానీ మా మేడ కింద దుకాణం నడిపే కటింగ్ మాస్టర్‌కి వాటి మీద నమ్మకం లేదు. "మిషన్ కాజా మూడు ఉతుకులకి నోరు తెరుస్తుంది. మా గుండీలక్క కాజా చొక్కా పోయాక కూడా బతికుంటుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా గుండీలక్క తలెత్తకుండా, "చొక్కా సంగతి సరే, మనిషి కూడా కాస్త బతికుండాలిగా మాస్టరూ" అనేది. మేమంతా నవ్వేవాళ్ళం.

అందులో నవ్వేందుకు ఏమీ లేదని దుకాణంలో ఒక్కరికే తెలుసు. గుండీలక్కకి పదకొండేళ్ళుగా రక్త క్యాన్సర్. తెలిసిన ఆ ఒక్కరూ వదిన.

వదిన ఎవరికీ వదిన కాదు. అంచులు మడిచి కుట్టడం ఆమె పని. వయసులో మూడేళ్ళు పెద్ద కాబట్టి గుండీలక్క ఆమెని మొదటిరోజే వదినా అంది. దాంతో దుకాణమంతా అదే పిలుపు పట్టుకుంది. ఒకసారి వదిన మొగుడు గొడుగు ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలోంచి "వదినా" అని కేకేసి నాలిక్కరుచుకున్నాడు. ఆ తర్వాత నెల్లాళ్ళు ఆయన దుకాణం వైపు రాలేదు.

వెనక గోడకి ఉన్న కిటికీ పక్కన ఒక పొట్టి బల్ల. దానికి అటు వదిన, ఇటు గుండీలక్క. ఆ బల్ల మీద వాళ్ళు ఎంత బట్ట కుట్టారో, అంత ఊరిని ఉతికి ఆరేశారు.

జబ్బు సంగతి గుండీలక్క తన చెల్లెలికి కూడా చెప్పకముందే వదినకి చెప్పింది. చెప్పిన చోటు ట్రయల్ రూమ్. ట్రయల్ రూమ్ అంటే మూలన మూడడుగుల చోటు, ఒక అద్దం, ఒక పరదా. ఇద్దరూ లోపలికెళ్ళి పరదా లాగేసుకున్నారు. బయట ఎవరో పెద్దమనిషి కొత్త ప్యాంటు చేతిలో పట్టుకుని పావుగంట నిలబడ్డాడు. ఆ సంభాషణ నాకు చాలాకాలం తర్వాత గుండీలక్కే చెప్పింది.

"రక్తానికా? రక్తం ఒకచోట నిలబడేది కాదు కదే. తిరుగుతూ ఉంటుంది. దాన్నెలా పట్టుకుందది?" అందట వదిన.

"నేనూ అదే అడిగా. డాక్టరు బొమ్మేసి చూపించాడు. తెల్లకణాలు లెక్కాపత్రం లేకుండా పుట్టుకొస్తున్నాయంట. రోజూ ఒక మాత్ర మింగాలి, ఉన్నన్నాళ్ళూ."

"మాత్రతో సరిపోతుందా?"

"సరిపోయినన్నాళ్ళు సరిపోతుందన్నాడు."

వదిన కాసేపు అద్దంలోకి చూసి, గుండీలక్క జాకెట్టు భుజం సర్దిందట. "ఎవరికీ చెప్పకు. నేనూ చెప్పను. జాలిపడేవాళ్ళు ఎక్కువైతే కుట్టు సాగదు."

అన్నమాట నిలబెట్టుకుంది. పదకొండేళ్ళు ఒక్క ముక్క బయటికి పొక్కనివ్వలేదు. గుండీలక్క భోజనం అయ్యాక పెద్ద గ్లాసుడు నీళ్ళతో మింగే ఆ మాత్రని మేమంతా గ్యాస్ మాత్ర అనుకునేవాళ్ళం. అలా ప్రచారం చేసింది వదినే. ఎంత నమ్మకంగా చేసిందంటే, నాకు కడుపుబ్బరంగా ఉన్నప్పుడు రెండుసార్లు వెళ్ళి, "ఆ మాత్ర ఒకటి ఇటు పడేయ్ గుండీలక్కా" అని అడిగాను. "ఇది మీకు పడదు సారూ" అంది. పిసినారి అనుకున్నాను. పొద్దున పూట ఆమె కళ్ళ కింద ఉబ్బి ఉండేది. ఆ మాత్ర గుణం అది. "రాత్రి బాగా నిద్ర పట్టినట్టుందే" అని నేను హాస్యమాడేవాణ్ణి. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి.

నా సంగతి కూడా చెప్పాలి. నేను గ్రంథాలయంలో ఉద్యోగిని, ఆ దుకాణం మీది వాటాలో ఉంటాను. కరోనా వచ్చిన ఏడు గ్రంథాలయం మూతపడింది. దుకాణం కూడా రెండు నెలలు మూసి, ఒక ఆసుపత్రి సిబ్బందికి కోట్లు కుట్టే పని రావడంతో తెరిచారు. ఇస్త్రీ చేసే అతను తన ఊరెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో కూర్చుని నా భార్యకి తలనొప్పిగా తయారైన నేను, "ఇస్త్రీ నేను చేస్తా మాస్టరూ" అని మెట్లు దిగాను. ఇంట్లో ఎవరూ అడ్డుచెప్పలేదు. కాస్తయినా బతిమాలతారేమో అనుకున్నాను.

అలా మేం నలుగురం. ముందు బల్ల దగ్గర మాస్టర్, మధ్యలో ఇస్త్రీ బల్లతో నేను, కిటికీ దగ్గర వాళ్ళిద్దరూ.

ఆ ముందటి చలికాలంలోనే గుండీలక్క పాత మాత్ర పనిచేయడం మానేసింది. కొత్త మాత్ర మొదలుపెట్టారు. అది క్యాన్సర్ కణాలతోపాటు మంచి తెల్లకణాలని కూడా తగ్గించేస్తోంది. "ఇప్పుడు మీ ఒంటికి కాపలా లేదమ్మా. ఈ జ్వరం మాత్రం మీ దాకా రాకూడదు" అన్నాడట డాక్టరు ఫోన్‌లో. ఇంట్లోనే ఉండిపోతే సరిపోయేది. కానీ ఇంట్లో ఆమె మొగుడు ఉన్నాడు. రిటైరైన బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్ళు ఊళ్ళు తిరిగిన కాళ్ళు. రోజుకి నాలుగుసార్లు ఏదో ఒకటి తెస్తానని బయటికెళ్ళి, దారిలో కనిపించినవాళ్ళందరితో మాట్లాడి, తేవాల్సింది మర్చిపోయి వచ్చేవాడు. ఆయన పక్కన కూర్చోవడం కన్నా కిటికీలు తెరిచిన దుకాణంలో ముగ్గురు తెలిసిన మనుషుల మధ్య ఉండడమే నయమని గుండీలక్క లెక్క. డాక్టరు కూడా ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఆ ముగ్గురూ ఎక్కడెక్కడికి వెళ్తున్నారో ఆమెకి తెలియాలి.

అందుకే గుమ్మం దగ్గర మూడు ప్రశ్నలు మొదలయ్యాయి. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి గుమ్మం లోపల కుర్చీ వేసుకుని కూర్చునేది. వచ్చినవాళ్ళు బయట నిలబడి జవాబు చెప్పాకే లోపలికి.

"ఎక్కడికెళ్ళావు వదినా?"

"నిద్రలోకి."

"ఎవర్ని కలిశావు?"

"మా ఆయన్ని. తప్పలేదు."

"ఒంట్లో ఎలా ఉంది?"

"యాభై ఏళ్ళ ఆడదానికి ఎలా ఉండాలో అలాగే ఉంది. జరుగు, లోపలికి రానీ."

మాస్టర్‌కీ నాకూ ఇదంతా చాదస్తంగా ఉండేది. అయినా సరదాగా సాగుతోంది కదా అని జవాబులు చెప్పేవాళ్ళం. ఒకసారి మాత్రం నేను దొరికిపోయాను. జుట్టు భుజాల మీదకి వచ్చేసిందని, తెలిసిన మంగలిని రహస్యంగా ఇంటికి పిలిపించుకున్నాను. మర్నాడు గుమ్మం దగ్గర, "ఎక్కడికీ వెళ్ళలేదు, ఎవర్నీ కలవలేదు" అని గడగడా అప్పజెప్పాను. గుండీలక్క లేచి నా వెనక్కి వచ్చింది.

"మరి మీ మెడ ఎవరు గీశారు సారూ?"

"నేనే, అద్దంలో చూసుకుంటూ."

"వెనక మెడనా?"

వారం తర్వాత రమ్మని నన్ను మేడ మీదకి పంపేసింది. బిక్కమొహం వేసుకుని మెట్లెక్కుతుంటే కింద వదిన నవ్వు వినిపిస్తూనే ఉంది. "ఉన్న నాలుగు వెంట్రుకల కోసం మమ్మల్ని ఆసుపత్రి పాలు చేసేట్టున్నారు సారు. రెండు వారాలు పంపవే గుండీ, ఒక్క వారం ఏం సరిపోతుంది."

వాళ్ళిద్దరి మధ్య ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ఉబ్బిన కళ్ళతో గుండీలక్కకి సూది బెజ్జం కనిపించేది కాదు. అందుకని ఏళ్ళ నుంచీ రోజూ పొద్దున్నే వదిన పది సూదులకి దారం ఎక్కించి, గుడ్డముక్కల దిండుకి వరసగా గుచ్చి పెట్టేది. దారం కొసని పెదాల మధ్య తడిపి, రెండు వేళ్ళతో నలిపి, ఒక్క విసురుతో దూర్చేది. గుండీలక్క కాజా పూర్తవగానే ఆ దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపేది. ఎదురుగా కత్తెర ఉన్నా సరే. దర్జీల దుకాణాల్లో ఇది ఎవరూ పట్టించుకునే విషయం కాదు. ఆ ఏడు మాత్రం పట్టించుకోవాలని ఇద్దరూ మాట అనుకున్నారు. దారం ఎక్కించడానికి సన్నటి తీగ ఒకటి అమ్ముతారు, అది తెప్పించుకున్నారు. వదిన తీగ వాడాలి. గుండీలక్క కత్తెర వాడాలి.

ఆ తర్వాత కొద్దిరోజులకి, వదిన అక్క మనవరాలికి మొదటి పుట్టినరోజు వచ్చింది. వదినకి ఆ పిల్లంటే పిచ్చి. గౌను తనే కుట్టింది, మెడ చుట్టూ చిన్నచిన్న పువ్వులతో. చివరి పువ్వు అయ్యాక గుండీలక్క అడిగింది.

"వెళ్తావా వదినా?"

"వెళ్తే నువ్వు రానిస్తావా? గౌను పంపించేస్తా. ఫోన్‌లో చూస్తాలే."

"వెళ్ళాలనుంటే వెళ్ళు. రెండు వారాలు ఆగి రా. అంతేగా."

"రెండు వారాలు నీ సూదులు ఎవరు ఎక్కిస్తారే? సారా? ఆయనకి ఇస్త్రీ పెట్టె బెజ్జం కూడా కనిపించదు."

పుట్టినరోజు దాటిన సోమవారం పొద్దున గుమ్మం దగ్గర నేను వదిన వెనకే నిలబడి ఉన్నాను.

"ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికెళ్తాను. ఇంట్లోనే."

"ఎవర్ని కలిశావు?"

"ఎవర్నీ లేదు. ఫోన్‌లోనే చూశా పిల్లని. కేకు మీద అరచెయ్యి పెట్టేసిందే, ఎంత ముద్దుగా ఉందో."

"ఒంట్లో?"

"బండలా ఉన్నా."

ఆ తర్వాతి వారం మంగళవారం మధ్యాహ్నం నేను ఒక కోటు చేతిని తగలబెట్టాను. ఇస్త్రీ పెట్టె దాని మీద ఉంచి, పక్కనున్న పాత పత్రికలో ఏదో చదువుతూ మైమరిచిపోయాను. ముందు బల్ల దగ్గర్నుంచి మాస్టర్ అరిచాడు. "ఏదో మాడుతోంది." కిటికీ దగ్గర్నుంచి గుండీలక్క లేచి నిలబడింది. నేను పెట్టె ఎత్తేసరికి తెల్ల బట్ట మీద గోధుమరంగు మచ్చ, దానికి నడుమ కంత. సిగ్గుతో చచ్చిపోతూ తిట్ల కోసం ఎదురుచూశాను. ఎవరూ తిట్టలేదు.

గుండీలక్క నన్ను చూడడం లేదు. వదినని చూస్తోంది. ఇస్త్రీ బల్లకి జానెడు దూరంలో, ఆ పొగలోనే కూర్చుని, వదిన తాపీగా అంచు మడుస్తోంది.

"వదినా, నీకు వాసన రాలేదా?"

"ఆఁ? వచ్చింది. సారు చూసుకుంటారులే అనుకున్నా."

గుండీలక్క మాస్టర్ సొరుగులోంచి తలనొప్పి మందు డబ్బీ తీసింది. మూత తియ్యగానే నాకు రెండు గజాల దూరానికి ఘాటుగా తగిలింది. వదిన వెనకాల నిలబడి, డబ్బీ ఆమె ముక్కు దగ్గర పెట్టింది. "కళ్ళు మూసుకో. ఇదేంటో చెప్పు."

"ఏం ఆటలే ఇవి, ఈ వయసులో."

"చెప్పు."

వదిన కళ్ళు మూసుకుంది. చాలాసేపు పీల్చింది. "మిషన్ నూనె" అంది.

మాస్టర్ కత్తెర కింద పెట్టాడు. గుండీలక్క డబ్బీ మూత బిగించి, గోడ దాకా వెనక్కి జరిగింది.

"ఎన్ని రోజులైంది?"

వదిన చేతిలోని బట్టని చూస్తూ, "శుక్రవారం నుంచి" అంది.

"ఈ రోజు మంగళవారం."

"కొంచెం ఒళ్ళు వెచ్చబడిందంతే. తగ్గిపోయింది."

"ఎక్కడికెళ్ళావు?"

"గౌను ఇచ్చి వచ్చేద్దామనే వెళ్ళానే. అక్క చెయ్యి వదల్లేదు."

"ఎవర్ని కలిశావు?"

"ఎంతమంది, ఓ అరవై మంది ఉంటారేమో. నేను మూల కూర్చున్నా."

మూడో ప్రశ్న అడగలేదు. బల్ల మీదున్న సూదుల దిండు వైపు చూసింది. అందులో ఇంకా నాలుగు సూదులున్నాయి, దారాలు వేలాడుతూ. గుండీలక్క వదిన వైపు సొరుగు లాగి చూసింది. తీగ పెట్టిన కాగితం పొట్లం అందులోనే ఉంది, కొన్ననాడు ఎలా ఉందో అలాగే, చింపకుండా.

"దీంతోనే ఎక్కిస్తున్నానన్నావు."

"దాంతో అలవాటు కాలేదే. పది సూదులకి అరగంట పడుతోంది."

"ఈ దారాలన్నీ నేను పళ్ళతోనే తెంపాను" అంది గుండీలక్క, తనలో తను అనుకుంటున్నట్టు.

అప్పుడు వదిన అనకూడని మాట అంది. భయంలో మనుషులు అంటారే, అలాంటిది. "కత్తెర ఎదురుగానే ఉందిగా. నువ్వెందుకు కొరికావు మరి?"

గుండీలక్క చేతులు మోచేతుల దాకా కడుక్కుని, సంచీ తీసుకుని, వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది.

మాస్టర్‌కి ఏమీ అర్థం కాలేదు. "దీనికింత రాద్ధాంతమా? అందరికీ వస్తోంది, పోతోంది" అన్నాడు. కోటు తగలబెట్టిన తప్పు నా మీంచి జారిపోయిందన్న సంతోషంలో నేను ఇంకో అడుగు ముందుకేశాను. "అంత ప్రాణభయం ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి" అన్నాను. వదిన ఏడుస్తూనే నా వైపు తలెత్తింది. "మీకు తెలీదు సారూ, ఊరుకోండి" అంది. తెలియనిదేమిటో ఆ స్థితిలో కూడా చెప్పలేదు.

మర్నాటికి వదినకి ఆయాసం వచ్చింది. పరీక్షలో కరోనా అని తేలింది. ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. దుకాణం మూసేశారు. మాస్టర్‌కీ నాకూ పరీక్ష చేస్తే ఏమీ లేదన్నారు.

గుండీలక్క ఇంట్లో చివరి గదిలో తలుపేసుకుంది. ఇద్దరు మనుషులకి సరిపడా భయం ఆమె మొగుడు ఒక్కడే పడ్డాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి గడప దాటలేదు. న్యూస్‌పేపరుని కూడా సబ్బుతో కడిగి తీగ మీద ఆరేశాడని పక్కింటివాళ్ళు చెప్పారు. రోజుకి నాలుగుసార్లు తలుపు కింద నుంచి థర్మామీటరు తోసేవాడు. ఆమె చూసుకుని అంకె చెప్పేది. ఆయన గోడ మీద పెన్సిలుతో రాసుకునేవాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన సంచీ తలుపు పక్కనే సర్దిపెట్టి ఉంది. జ్వరం వస్తే కొత్త మాత్ర ఆపేయాలన్నాడు డాక్టరు. మాత్ర ఆపితే లోపలి జబ్బు ఊరుకోదు. ఆపకపోతే బయటి జబ్బుని ఆపేది లేదు. రెండు వారాలు ఆమె ఆ రెండింటి మధ్య కూర్చుంది.

పదో రోజున నేను వాళ్ళ కిటికీ కిందకి వెళ్ళాను. వదిన మొగుడు నాకు ఫోన్ చేసి బతిమాలాడు, ఒక్కసారి ఆమెతో మాట్లాడించమని. నాకు ఈ జబ్బు సంగతులేవీ తెలియవు కదా. నేనేదో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య రాయబారానికి వెళ్తున్నట్టు చొక్కా టక్ చేసుకుని వెళ్ళాను.

"ముప్పైసార్లు ఫోన్ చేసిందంట. ఎత్తొచ్చుగా గుండీలక్కా."

"ఎత్తి ఏమనాలి సారూ? తిడదామంటే మనిషి ముక్కుకి గొట్టం ఉంది. కోప్పడే వీలు కూడా లేకుండా చేసింది నాకు."

"ఏదో పంపిందంటగా, మాటలు రికార్డు చేసి."

ఆమె ఫోన్ కిటికీ ఊచల దగ్గర పెట్టి నొక్కింది. వదిన గొంతు, మధ్యమధ్యలో ఆగుతూ. "మొదటిరోజు గుమ్మం దగ్గర చెబ్దామనే అనుకున్నానే. సారు వెనక నిలబడి ఉన్నారు. అప్పుడు అంత నవ్వాను కదా ఆయన్ని, ఇప్పుడు నేనెలా చెప్పను అనుకున్నా. రెండోరోజు చెబితే, మొదటిరోజు ఎందుకు చెప్పలేదంటావు. వాసన పోయాక ఇంక అసలు నోరు రాలేదు. నీ సంగతి తెలిసి కూడా వచ్చి నీ ఎదురుగా కూర్చున్నా. రాకపోతే నువ్వు కనిపెట్టేస్తావని. అంతేనే. ఇంకేం లేదు."

"పాపం, అంతలా చెబుతోంది కదా" అన్నాను.

"నేను కనిపెడతానని వచ్చి కూర్చుంది" అంది గుండీలక్క. "విన్నారుగా. నేను చచ్చిపోతానని ఒక్కసారి కూడా తట్టలేదు. నేను కనిపెట్టేస్తానని తట్టింది."

చచ్చిపోవడం అంటే ఏదో మాటవరసకి అంటోందనుకున్నాను. "ఛఛ, ఏం మాటలవి" అన్నాను.

"మీరు కోటు తగలబెట్టి నాకు మేలు చేశారు సారూ. ఇవాళ దాన్ని చెడగొట్టకండి. వెళ్ళిరండి."

రెండుసార్లు చేసిన పరీక్షలోనూ గుండీలక్కకి ఏమీ లేదని తేలింది. ఎలా తప్పించుకుందో డాక్టరు కూడా చెప్పలేకపోయాడట. ఆ రోజు నుంచి అందరి నోటా ఒకటే మాట. ఆమె మొగుడు అన్నాడు, "ఏమీ కాలేదుగా, ఇంక వదిలెయ్." మాస్టర్ అన్నాడు. నేనూ అన్నాను. ఆమె మొదట్లో వినీ విననట్టు ఊరుకుంది. దుకాణం మళ్ళీ తెరిచిన రోజు నేను ఇంకోసారి అంటే, సూది దింపి నా వైపు తిరిగింది.

"ఏమీ కాకపోవడం ఆవిడ చేసిన పని కాదు సారూ. ఆవిడ చేసింది వేరే."

మాస్టర్‌తో చెప్పి తన కుర్చీ ముందు గుమ్మం పక్కకి మార్చుకుంది. అక్కడ వెలుతురు ఎక్కువ. పొట్లం చింపి, తీగతో కుస్తీ పడుతూ సూదులు తనే ఎక్కించుకునేది. పదికి బదులు నాలుగు. కోట్లు ఆలస్యమయ్యాయి.

అయిదు వారాలకి వదిన వచ్చింది. సగమైపోయింది. జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి, అంచులు మడిచే మనిషి వాటిని మడుచుకోలేదు. లోపలికి రాకుండా గుమ్మం బయట నిలబడింది, ప్రశ్నల కోసం. మాస్టర్ లేచి, "రామ్మా రా, ఎలా ఉన్నావు" అన్నాడు. నేను కుర్చీ లాగాను. వదిన మా ఇద్దరినీ చూడలేదు. అడగాల్సిన మనిషి అక్కడే, గుమ్మం పక్కనే, రెండడుగుల దూరంలో కూర్చుని ఉంది. తలెత్తలేదు. కాజా పూర్తి చేసి, కత్తెరతో దారం కత్తిరించి, కోటు మడిచి పక్కన పెట్టింది.

"మాస్టరూ, సారూ, మీకొక సంగతి చెప్పాలి" అంది. "నాకు రక్త క్యాన్సర్. పదకొండేళ్ళైంది. నేను మింగేది గ్యాస్ మాత్ర కాదు, దానికే. ఇప్పుడు వేసుకుంటున్నది కొత్తది, దీనివల్ల ఏ జ్వరం వచ్చినా నేను తట్టుకోలేను. ఎప్పుడైనా నేను ఇక్కడ పడిపోతే, ఆసుపత్రివాళ్ళకి మొదట ఆ మాట చెప్పాలి. మాత్ర పేరు, డాక్టరు నంబరు ఈ కాగితంలో ఉన్నాయి. అక్కడ గోడకి గుచ్చుతున్నా."

మిషన్ మీద చేయి పెట్టి మాస్టర్ అలాగే నిలబడిపోయాడు. నేను మాత్రం లోలోపల నా ఘనకార్యాలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటున్నాను. మాత్ర ఇమ్మని అడిగింది. కళ్ళ ఉబ్బు మీద హాస్యాలు. ప్రాణభయం ఉంటే ఇంట్లో కూర్చోవాలన్నది. ఎక్కడ చూడాలో తెలియక ఇస్త్రీ పెట్టె వైపు చూశాను. అది చల్లగా ఉంది.

"అందరికీ చెప్పేశావేంటే" అంది వదిన. గొంతు ఇంకా సరిగా రావడం లేదు. "నేను ఒక్క మాట బయటికి రానివ్వలేదు గుండీ. ఆ మంచం మీద కూడా. నర్సమ్మ అడిగింది, ఎవరి కోసం అంత ఏడుస్తున్నావని. మా మరదలు అని చెప్పా, అంతే."

"తెలుసు."

"అదేం లెక్కలోకి రాదా మరి?"

"వస్తుంది. అందుకే పడుకుని రెండు వారాలు దాని గురించే ఆలోచించా. నాకు జ్వరమొచ్చి మాట పడిపోయుంటే, నా సంగతి చెప్పాల్సింది నువ్వు ఒక్కదానివే. నువ్వేమో పక్క మంచం మీద ఉండేదానివి." కాగితాన్ని గోడకి గుండుసూదితో గుచ్చి, సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. "ఒక్కరి దగ్గరే పెట్టడం నాదే తప్పు."

వదిన కిటికీ దగ్గర పొట్టి బల్ల వైపు చూసింది.

"నేనెక్కడ కూర్చోను?"

"మీ ఇష్టమండి" అంది గుండీలక్క.

ఇరవై రెండేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య ఎన్నో తిట్లు విన్నాను. అండి అనడం వినలేదు. వదిన గుమ్మం పట్టుకుని నిలబడింది, తర్వాత మెల్లగా లోపలికొచ్చి, కిటికీ దగ్గర పొట్టి బల్ల ముందు తన పాత చోట్లోనే కూర్చుంది. మాస్టర్ ఆమె ముందు రెండు కోట్లు పెట్టాడు.

ఇప్పటికీ అంతే. ఇద్దరూ అక్కడే పనిచేస్తున్నారు. గ్రంథాలయం తెరిచాక కూడా నేను సాయంత్రాలు కిందకి దిగుతుంటాను. ఇస్త్రీ అతను ఊరి నుంచి తిరిగొచ్చేశాడు, నన్ను ఇస్త్రీ చేయనివ్వడం లేదు. "ఆ కోటు ఇలా ఇవ్వండి," "కొలత సరిచూడండి," ఇలా వాళ్ళ మాటలు చాలా మర్యాదగా ఉంటాయి. వినడానికి కష్టంగా ఉంటుంది. కిందటి నెల కొత్త మాత్ర బాగా పనిచేస్తోందని, రక్తంలో ఆ పాడు కణాలు దాదాపు కనిపించడం లేదని డాక్టరు చెప్పాడు. గుండీలక్క దుకాణానికి రాగానే సంచీ కింద పెట్టి ఆ మాట చెప్పింది. మాస్టర్‌కీ, ఇస్త్రీ అతనికీ, నాకూ. వదినకి కూడా, మా అందరితోపాటే.